వర్జిలు మహాకవి చరిత్రము

లోకమున మహాకావ్యములు రచించిన కవులు పెక్కుండ్రు గలరు. తాము రచించిన మహాకావ్యమును తామే అగ్నికి ఆహుతి చేయగోరినవారు మాత్రము మిక్కిలి యరుదు. రోమనుల మహాకవి యగు వర్జిలు అట్టివాడు. పదునొకండేండ్లు శ్రమించి తాను వ్రాసిన ఈనియడ్ కావ్యమును తగులబెట్టవలసినదని ఆతడు మరణశయ్యపై నుండి వేడుకొనెను. ఆతని మిత్రులు ఆ కోరికను చెల్లింపకపోవుటచేతనే రెండువేల యేండ్లు గడచినను మనము దానిని చదువగలుగుచున్నాము. విధి యనగా నేమి, ధర్మ మనగా నేమి, వీరు డనదగినవా డెవడు అను మూడు ప్రశ్నలను ఆ కావ్యము విచారించుచున్నది. కవి యనుభవించిన కాలమే ఆ ప్రశ్నలను ఆతనిచే అడిగించినదని మేము తలంచుచున్నాము. కావున మా విద్యార్థి సోదర సోదరీమణుల కొఱకు ఆ మహాకవి చరిత్రమును సంగ్రహముగా ఇచ్చట వ్రాయుచున్నాము.

పబ్లియసు వర్జిలియసు మారో అనునది ఆతని పూర్తి పేరు. ఇటలీ దేశపు ఉత్తరభాగమున మాంటువా యను పట్టణము గలదు. దానికి సమీపమున నున్న ఆండీసు అను చిన్న పల్లెయందు క్రీ. పూ. 70వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన ఆతడు జన్మించెను. తండ్రి సామాన్య కుటుంబమునకు చెందినవాడు. ఆతడు కుమ్మరి యని కొందఱును, ఒక యజమానుని కడ కూలికి కుదిరి, తన పనితనముచే ఆ యజమానుని మెప్పించి ఆతని కుమార్తెను పెండ్లాడె నని కొందఱును పూర్వులు చెప్పిరి. తరువాత ఆతడు అడవినేలలను కొని, తేనెటీగలను పెంచి, కొంత యాస్తిని గడించెను. మిన్సియసు అను నది ఆ ప్రాంతమున మెల్లమెల్లగా వంకరలు తిరిగి, రెల్లుపొదల నడుమ పారుచుండును. ఆ నదియు, ఆ పొలములును, ఆ తేనెపట్టులును బాలుని మనస్సున చెరగని ముద్ర వేసెను. పిదప ఆతడు చక్రవర్తుల కొలువులో మన్ననలందినను, ఆతని హృదయము మాత్రము పొలముగట్టును విడువలేదు.

తండ్రి కుమారుని విద్యకై వెనుదీయలేదు. బాలుని మొదట క్రెమోనాకును, తరువాత మిలానునకును, అటుపిమ్మట రోమునకును పంపి చదివించెను. ఆ కాలమున రోమునందు పైకి రాదలచిన యువకులెల్లరు వక్తృత్వమును నేర్చి, న్యాయస్థానములలో వాదించి పేరు తెచ్చుకొనెడివారు. వర్జిలును ఆ మార్గమున పోజూచెను గాని, ఒకే యొక్కసారి న్యాయస్థానమున వాదించి, అంతటితో విరమించెను. ఆతని మాట మిక్కిలి మెల్లనిది; చదువులేనివాని మాటవలె తోచెడిదట. మనిషి పొడగరి, చామనచాయవాడు, పల్లెటూరి ముఖము గలవాడు. కడుపునొప్పియు, తలనొప్పియు, గొంతువ్యాధియు ఆతనిని తరచు బాధించుచుండెను. వాదమున జయింపజాలని ఈ యువకుడు రోమును విడిచి నేపిల్సు పట్టణమునకు పోయి, సైరో అను ఎపిక్యూరియను తత్త్వవేత్త యొద్ద శాస్త్రములు చదివెను. ఆ దక్షిణప్రాంతమే ఆతనికి తుదివఱకు నివాసమయ్యెను.

ఆతడు పెరిగిన కాలము ఎట్టిదో తెలిసికొననిదే ఆతని కవిత్వము మనకు బోధపడదు. క్రీ. పూ. 49లో జూలియసు సీజరు సైన్యముతో రూబికాను నదిని దాటి స్వదేశముపైననే యుద్ధము ప్రకటించెను. క్రీ. పూ. 44లో సీజరు హత్య జరిగెను. క్రీ. పూ. 42లో ఫిలిప్పీ కడ సీజరు పక్షమువారును ఆతని హంతకుల పక్షమువారును పోరాడిరి. అన్నదమ్ములు, మామా అల్లుండ్రు ఎదురెదురుగా నిలిచి కత్తులు దూసికొనిన దినము లవి. వర్జిలు ఇరువది యొకటవ యేటినుండి దాదాపు నలువది యేండ్లు వచ్చువఱకు రోమనులు రోమనులను చంపుకొనుటయే చూచెను.

ఫిలిప్పీ యుద్ధము ముగిసిన తరువాత గెలిచిన సైనికులకు భూములు పంచియిచ్చుట ఆక్టేవియను వంతునకు వచ్చెను. ఇతడు సీజరు దత్తపుత్రుడు. ఇతడే పిదప అగస్టసు అను బిరుదు పొందిన చక్రవర్తి. సైనికులకు ఇచ్చుటకై ఇటలీలోని పదునెనిమిది పట్టణముల భూములు నిర్ణయింపబడెను. క్రెమోనా పట్టణపు భూములు చాలకపోవుటచే ఏ పాపము నెఱుగని పొరుగు మాంటువా భూములును జప్తు చేయబడెను. తరతరములుగా దున్నుకొనిన పొలములను విడిచి రైతులు మేకలను తోలుకొని వలస పోయిరి. వర్జిలు పొలమును పోయెననియు, అసీనియసు పోలియో మొదలగు అధికారుల సాయమున తిరిగి లభించెననియు పూర్వచరిత్రకారులు వ్రాసిరి. నేటి పండితులు ఈ కథ నంతయు నమ్మరు. అయినను తన జిల్లాలోని రైతుల కన్నీరు ఆతడు కన్నులార చూచె ననుటలో సందేహము లేదు.

ఆ కన్నీరే ఆతని మొదటి గ్రంథమునకు విత్తనమయ్యెను. గోపగీతములు అనదగిన ఆ గ్రంథమున పది చిన్న కావ్యములు గలవు. క్రీ. పూ. 42వ సంవత్సరము మొదలుకొని కొలది యేండ్లలో ఆతడు వీనిని రచించెను. మొదటి గీతమున ఇద్దఱు పసులకాపరులు కనబడుదురు. ఒకనికి పొలము దక్కినది. ఆతడు చెట్టునీడను పరుండి పిల్లనగ్రోవి నూదుచున్నాడు. రెండవవానికి పొలము పోయినది. ఆతడు మేకలమందను తోలుకొని దేశాంతరము పోవుచున్నాడు. త్రోవలో మేక యొకటి బండరాతిపై రెండు పిల్లల నీని, వానిని విడిచి రావలసివచ్చినది. సాయంకాలమగుటచే పొలము దక్కినవాడు ఆ దిక్కులేనివానిని ఈ రాత్రికి నాయొద్ద నుండుమని పిలిచి, పండ్లును, జున్నును పెట్టెదనని చెప్పును. అంతకు మించి ఆతడు చేయగలిగినది లేదు. ఏలినవారి నిర్ణయమున ఒకడు నిలిచెను, ఒకడు పోయెను. ఇరువురిలో ఎవనియందును దోషము లేదు. వర్జిలు తన జీవితమంతయు విడువక తలపోసిన విధి యను ప్రశ్న ఈ చిన్న గీతమునందే మొలకెత్తినది.

ఈ గ్రంథమున నాలుగవ గీతమును గూర్చి మా పాఠకులు ప్రత్యేకముగ ఎఱుగవలెను. పోలియో కాన్సలు పదవి నందిన క్రీ. పూ. 40వ సంవత్సరమున వ్రాయబడిన ఆ గీతము ఒక శిశువు జన్మించుననియు, ఆ శిశువుతో స్వర్ణయుగము మరల వచ్చుననియు చెప్పుచున్నది. ఆ శిశు వెవడో కవి చెప్పలేదు. రోమను ప్రముఖులలో ఒకరి కుమారుడని కొందఱును, శాంతికి సంకేతమని కొందఱును తలంతురు. పండితులలో ఏకాభిప్రాయము లేదు. అయితే తరువాతి క్రైస్తవులు దీనిని క్రీస్తు జననమును గూర్చిన ప్రవచనముగ గ్రహించిరి. కాన్‌స్టంటైను చక్రవర్తి పేర వెలసిన ఉపన్యాసము కూడ దీనిని అట్లే వ్యాఖ్యానించినది. కవికి అట్టి యెఱుక లేకున్నను, యుద్ధములతో విసిగి వేసారిన లోకము ఒక శాంతిదాతకై ఎంతగా ఎదురుచూచుచుండెనో ఈ గీతము మనకు తెలుపుచున్నది.

ఈ గీతములచే ఆతని కీర్తి రోమంతట వ్యాపించెను. ఆక్టేవియనునకు ఆప్తమిత్రుడగు మెసీనాసు కవులను ఆదరించువాడు. ఆతడు వర్జిలును చేరదీసెను. వర్జిలు అసూయ యెఱుగనివాడు. తనకంటె చిన్నవాడును, విడుదల పొందిన బానిస కుమారుడును అగు హొరేసు కవిని ఆతడే మెసీనాసునకు పరిచయము చేసెను. ఆ హొరేసు పిదప రోమున ఆతనితో సమానమగు కీర్తి నార్జించి, వర్జిలును తన ప్రాణములో సగముగ నెంచెను. మెసీనాసు తోటల చెంత వర్జిలునకు రోమున ఒక యిల్లు గలదు. కాని ఆతడు ఆ నగరమునకు వచ్చుట అరుదు. వచ్చినప్పుడు వీధిలో జనులు ఆతనిని గుర్తించి వెంబడించినచో, సిగ్గుపడి దగ్గరనున్న యింటిలో దూరి దాగికొనెడివాడట. ఆతడు వివాహమాడలేదు, మితముగ తిని, మితముగ త్రాగి, నేపిల్సు ప్రాంతమున కాలము గడపెను.

ఆతని రెండవ గ్రంథము కృషికావ్యము. నాలుగు ఆశ్వాసములు గల ఈ గ్రంథమును ఏడేండ్లు శ్రమించి క్రీ. పూ. 29 నాటికి ముగించెను. మొదటి ఆశ్వాసమున పైరులు, రెండవదాన చెట్లును ద్రాక్షతీగలును, మూడవదాన పశువులు, నాలుగవదాన తేనెటీగలు వర్ణింపబడినవి. ఇందు 2,188 పాదములు గలవు. ఏడేండ్ల దినములతో భాగించినచో దినమునకు ఒక పాదమైనను పడదు. ప్రాతఃకాలమున అనేక పాదములు చెప్పి వ్రాయించి, దినమంతయు వానిని దిద్ది దిద్ది కొలదిపాటిగ మిగుల్చుట ఆతని యలవాటు. ఎలుగుబంటి తన పిల్లను నాకి నాకి రూపు తెచ్చునట్లు తాను పద్యములకు రూపు తెచ్చుచున్నానని ఆతడు చెప్పుకొనెడివాడట.

ఈ కావ్యము వట్టి వ్యవసాయశాస్త్రము కాదు. నేల కష్టపడనివానికి ఫలమీయదు. మనుష్యుడు చెమటోడ్చి పనిచేయుటయే దైవనిర్ణయము అను భావము దీనియం దంతటను గలదు. ఎంత శ్రమించినను తెగులు వచ్చి మంద యంతయు నశించుటయు గలదని కవి దాచలేదు. మూడవ ఆశ్వాసపు తుదను పశువుల మహామారిని వర్ణించు పట్టున, జోడెద్దు చనిపోగా మిగిలిన యెద్దు దుఃఖించుటయు, రైతు దిగులుతో దానిని కాడినుండి విప్పుటయు చదివినచో, మన పల్లెలలో పుట్టిపెరిగినవారి కన్నులు చెమర్చకపోవు. మన దేశపు ప్రసక్తియు ఈ గ్రంథమున గలదు. నల్లని చేవ గల ఎబొనీ మ్రాను ఇండియాలోనే పుట్టునని చెప్పి, మన గంగానదిని గూడ ఆతడు పేర్కొనినాడు.

క్రీ. పూ. 31లో ఆక్టియము కడ ఆంటొనీని, క్లియోపాత్రాను ఓడించి ఆక్టేవియను రోమునకు ఏకైక ప్రభువయ్యెను. ఆతడు తూర్పునుండి మరలి వచ్చుచు అటెల్లా యను ఊర గొంతునొప్పిచే కొన్నాళ్లు ఆగెను. అచ్చట వర్జిలు వరుసగ నాలుగు దినములు తన కృషికావ్యమును ఆతనికి చదివి వినిపించెను. కవి గొంతు అలసినపుడు మెసీనాసు అందుకొని చదివెను. నూరేండ్ల అంతఃకలహముల పిమ్మట దేశమునకు శాంతి వచ్చినది. ఆ శాంతిని తెచ్చినవాడు ఎదుట కూర్చుండి వినుచున్నాడు. మాంటువా రైతుల భూములను ఒకప్పుడు పంచిపెట్టినవాడును అతడే. వర్జిలు ఈ రెంటిని మఱవలేదని ఆతని తరువాతి కావ్యమే సాక్ష్యము.

ఆ కావ్యమే ఈనియడ్. రోమునకు హోమరు కావ్యములతో సరితూగు ఇతిహాసము కావలెనని అందఱు కోరిరి. అగస్టసు విజయములను వర్జిలు నేరుగా పాడునని కొందఱు ఎదురుచూచిరి. ఆతడు అట్లు చేయక, అగస్టసునకు వేయి యేండ్లకు పూర్వపు కథను, ట్రాయి నగరము కూలిన నాటి కథను ఎన్నుకొనెను.

ఇచ్చట హోమరు వీరులను గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. ఇలియడ్ నాయకుడగు అకిలీసునకు తల్లి రెండు విధులను తెలిపియుండెను. యుద్ధమున నిలిచినచో అల్పాయువును, అనంతకీర్తియును. ఇంటికి పోయినచో దీర్ఘాయువును, కీర్తిహీనతయును. ఆతడు కీర్తిని కోరెను. హెక్టరు తన నగరము కూలునని మనస్సున ఎఱిగియు, భార్యను, పసిబిడ్డను విడిచి పోరికి పోయెను. వెనుదీయుటకు సిగ్గుపడుట ఆ వీరుని స్వభావము. ఒడిస్సీ నాయకుడగు యులిసీసు పదియేండ్లు సముద్రమున తిరిగి ఎట్టకేలకు తన యింటికి, తన భార్య కడకు చేరెను. కీర్తి, మానము, గృహము అను ఈ మూడును ఆ వీరుల గమ్యములు. విధి వారిని చంపగలదు గాని, వారు కోరినది తమకొఱకే కోరిరి.

వర్జిలు నాయకుడగు ఈనియాసు ఇట్టివాడు కాడు. ట్రాయి నగరము మండుచుండగా పోరాడి మరణింపవలెనని ఆతడు తహతహలాడెను. అది హోమరు వీరునకు తగిన మరణమే. కాని ఆతనికి ఆ భాగ్యము లభింపలేదు. బ్రదికి పోయి, ఇటలీలో ఒక జాతికి పునాది వేయవలెనని దేవతలు ఆజ్ఞాపించిరి. కదలలేని ముసలి తండ్రి యగు ఆంకైసీసును భుజముపై నెత్తుకొని, బాలుడగు అస్కేనియసు చేయి పట్టుకొని, ఆతడు బయలుదేరెను. కులదేవతల విగ్రహములు తండ్రి చేతులలో నుండెను. వెనుక వచ్చుచున్న భార్య క్రూసా ఆ చీకటిలో తప్పిపోయెను. ఆతడు తిరిగిపోయి వెదకగా ఆమె ఛాయ మాత్రమే కనబడెను. ఈ విధముగ ఆతని ధర్మమునకు ప్రథమదినముననే వెల చెల్లింపవలసి వచ్చెను.

ఈనియాసునకు కవి మాటిమాటికి తగిలించు విశేషణ మొకటి గలదు. లాటినున పియెటాసు అను గుణము గలవాడని దాని యర్థము. దీనికి తెనుగున ఒకే మాట దొరకుట కష్టము. దైవమునెడ భక్తి, తల్లిదండ్రులయెడ గౌరవము, బిడ్డలయెడ బాధ్యత, స్వజనులయెడ విశ్వాసము, ఇవన్నియు కలిసిన ధర్మనిష్ఠ యని చెప్పవచ్చును. తండ్రి మాటకై రాజ్యమును విడిచిన రామచంద్రుని కథ ఎఱిగిన మనకు ఈ గుణము క్రొత్తది కాదు. అయితే రామునకు తుదకు అయోధ్య కలదు. ఈనియాసునకు తిరిగిపోవుటకు ఊరు లేదు. తాను పునాది వేయు జాతి పెరిగి రోము నగరమగుట ఆతడు చూడబోడు. ఆతని విధి ఆతనికొఱకు కాదు; ఇంకను పుట్టనివారి కొఱకు.

ఈ విధిని మార్చుటకు దేవతలకును శక్తి లేదు. రోమునకు హద్దులు లేని రాజ్యము కలుగునని జూపిటరు నిర్ణయించెను. ట్రాయి వారిపై పగబట్టిన జూనో దేవి తుపానులు లేపి, యుద్ధములు పుట్టించి, దానిని ఆలసింపజేయగలిగెను గాని ఆపలేకపోయెను. ఆ యాలస్యమున నశించినవారు మాత్రము మనుష్యులే. వారిలో మొదటిది డైడో.

డైడో కార్తేజి రాణి. సోదరుడు తన భర్తను హత్యచేయగా టైరు నగరమునుండి పారిపోయి వచ్చి, ఆఫ్రికా తీరమున క్రొత్త నగరమును కట్టించుచున్న ధీరురాలు. తుపానున కొట్టుకొని వచ్చిన ఈనియాసును, ఆతని జనులను ఆదరించినది. దేవతల పన్నాగముచే ఆతనిని ప్రేమించినది. ఈనియాసు కార్తేజి గోడలు కట్టించుచు అచ్చటనే నిలిచిపోవునట్లుండెను. అప్పుడు జూపిటరు దూత యగు మెర్క్యురీ వచ్చి, నీ కుమారునికి చెందవలసిన దేశమును మఱచితివా యని మందలించెను. ఈనియాసు లోలోపల దుఃఖించుచునే ఓడలను సిద్ధపఱచెను. తన యిష్టముచే ఇటలీకి పోవుటలేదని ఆమెకు తెలిపెను. ఆమె చితి పేర్పించి, ఆతడు విడిచిపోయిన కత్తితోనే ప్రాణములు తీసికొనెను.

ఇచ్చట కవి ఎవరి పక్షము? ఈనియాసు పోవుట ధర్మమే. పోకున్నచో రోము లేదు. అయినను కవి డైడో దుఃఖమును తక్కువచేసి చెప్పలేదు. ధర్మము నెఱవేరుటకు ఒక నిరపరాధి బలియైనదని ఆతడు స్పష్టముగ చూపెను. పిదప పాతాళలోకమున ఈనియాసు ఆమె ఛాయను చూచి కన్నీటితో క్షమాపణ వేడినపుడు, ఆమె ఒక్క మాటయైన పలుకక, కన్నెత్తి చూడక, తొలగిపోవును. ఆ మౌనమునకు ఈనియాసు కడ సమాధానము లేదు. బాలుడుగా ఆఫ్రికాలో చదువుకొనుచున్నపుడు డైడో మరణమునకు తాను ఏడ్చితినని భక్త అగస్టీను తన యాత్మకథలో చెప్పుకొనియున్నాడు. ఆ కన్నీటికి పిదప ఆయన తన్ను తాను నిందించుకొనెను. అయినను నాలుగు శతాబ్దములు గడచినను ఆ కథకు బాలుర హృదయములను కరగించు శక్తి తగ్గలే దనుటకు ఇది సాక్ష్యము.

ఆరవ ఆశ్వాసమున ఈనియాసు క్యూమే యను చోట సిబిల్ అను ప్రవక్త్రి తోడ్పాటుతో పాతాళమునకు దిగి, మరణించిన తండ్రిని కలిసికొనును. ఆంకైసీసు ఆతనికి ముందు పుట్టబోవు రోమను వీరుల యాత్మలను వరుసగ చూపును. లొంగినవారిని క్షమించి, గర్వించినవారిని అణచుట రోమనుల విద్య యని ఉపదేశించును. ఆ వీరుల వరుస తుదను విచారముతో నడచు ఒక యువకుడు కనబడును. ఆతడు అగస్టసు మేనల్లుడును, అల్లుడును అగు మార్సెల్లసు, రాజ్యమునకు వారసుడగునని అందఱు ఆశించినవాడు, క్రీ. పూ. 23లో ఇరువది యేండ్లయినను నిండకయే మరణించినవాడు. వర్జిలు ఈ భాగమును అగస్టసు ఎదుట చదువునపుడు మార్సెల్లసు తల్లి యగు ఆక్టేవియా అక్కడనే యుండెను. కుమారుని పేరు వినగానే ఆమె మూర్ఛిల్లె నని డొనాటసు వ్రాసిన జీవితచరిత్రమున గలదు. రోము వైభవమును పొగడవలసిన చోటనే ఆతడు ఒక తల్లి శోకమును ఉంచెను.

ఎనిమిదవ ఆశ్వాసపు తుద కూడ గమనింపదగినది. వీనసు దేవి తన కుమారునకు దివ్యమైన డాలును తెచ్చియిచ్చును. దానిపై రోము చరిత్రమంతయు ఆక్టియము యుద్ధమువఱకు చెక్కబడియున్నది. ఈనియాసునకు ఆ బొమ్మల యర్థము తెలియదు. అయినను సంతోషించి, తన వంశీయుల కీర్తిని, విధిని భుజమున కెత్తుకొనును. ట్రాయిని విడిచిన రాత్రి ఆ భుజముపైననే తండ్రి యుండెను. గడచినదానిని, రానున్నదానిని ఒకే భుజమున మోయువాడే వీరుడని వర్జిలు తలంపు. తా నేమి మోయుచున్నాడో పూర్తిగా తెలియకున్నను ఆతడు మోయును.

ఇటలీలో లాటినసు రాజు కుమార్తె యగు లవీనియా నిమిత్తము టర్నసు అను స్థానిక వీరుడు ఈనియాసుతో యుద్ధమునకు దిగును. టర్నసు దుష్టుడు కాడు. తన దేశమునకై, తనకు రావలసిన వధువునకై పోరాడువాడు. ఆతడు ఈనియాసునకు అప్పగింపబడిన పాలసు అను యువకుని చంపి, ఆతని నడికట్టును తీసికొని ధరించును. తుదిపోరున ఈనియాసు ఈటె టర్నసు తొడను చీల్చగా, ఆతడు నేలకొరిగి, చేయి చాచి, తన ముసలి తండ్రిని తలచి దయచూపుమని వేడుకొనును. ఈనియాసు చేయి నిలిచిపోవును. అంతలో ఆ నడికట్టు కంటబడగా క్రోధము పొంగి, కత్తిని ఆతని ఱొమ్మున దింపును. కావ్యము అచ్చటనే ముగియును. పట్టాభిషేకము లేదు, వివాహము లేదు, మంగళము లేదు.

లొంగినవారిని క్షమింపుమనిన తండ్రి యుపదేశము ఏమైనది? పాలసు తండ్రికి ఈనియాసు ఋణపడియున్నాడు గనుక ఆ వధ ధర్మమే యని కొందఱందురు. ధర్మవీరుడును చివరి గడియలో క్రోధమునకు లొంగెనని కొందఱందురు. ఈ వాదము నేటికిని తెగలేదు. మా తలంపున కవి దీనిని తెలిసియే ఇట్లు విడిచెను. అంతఃకలహములను చూచిన ఆ కన్నులు గెలిచినవానికి క్షమ యెంత కష్టమో ఎఱుగును. ఆతని పాఠకులలో మొదటివాడగు అగస్టసును అట్లు గెలిచినవాడే.

వర్జిలు ఈ కావ్యమును మొదట వచనమున పండ్రెండు ఆశ్వాసములుగ వ్రాసికొని, తరువాత తనకు తోచిన భాగమును తోచినట్లు పద్యములుగ మార్చుచు వచ్చెను. ఎచ్చట పద్యము కుదరకున్నను పని ఆగకుండుటకై తాత్కాలిక పాదములు నిలిపి, గట్టి స్తంభములు వచ్చువఱకు ఇవి ఊతకఱ్ఱలని వేళాకోళముగ చెప్పెడివాడు. అగస్టసు స్పెయిను దండయాత్రలో నుండి కూడ కావ్యమును పంపుమని జాబులు వ్రాసెను. కవి పంపలేదు. తరువాత రెండవ, నాలుగవ, ఆరవ ఆశ్వాసములను మాత్రము చదివి వినిపించెను.

క్రీ. పూ. 19వ సంవత్సరమున, తన యేబది యొకటవ యేట, ఆతడు గ్రీసునకు ప్రయాణమయ్యెను. మూడేండ్లు అచ్చట నుండి కావ్యమును దిద్ది, తరువాత మిగిలిన జీవితమును తత్త్వశాస్త్రమున గడపవలెనని ఆతని సంకల్పము. ఏథెన్సున అగస్టసు తటస్థించి, తనతో తిరిగి రమ్మనెను. కవి ఒప్పుకొనెను. మెగారా పట్టణమును చూడబోయి మండుటెండలో తిరుగుటచే ఆతనికి జ్వరము వచ్చెను. ఓడప్రయాణమున వ్యాధి ముదిరెను. బ్రండీసియము రేవున దిగిన కొలది దినములకే, సెప్టెంబరు 21వ తేదీన, ఆతడు మరణించెను.

ఇటలీనుండి బయలుదేరుటకు ముందే ఆతడు వేరియసు అను మిత్రునితో, తనకేమైన సంభవించినచో ఈనియడ్‌ను కాల్చివేయుమని కోరెను. వేరియసు ఒప్పుకొనలేదు. మరణశయ్యపై తన గ్రంథపు చుట్టలను తెమ్మని మాటిమాటికి అడిగెను, తానే తగులబెట్టదలచెను. ఎవరును తేలేదు. ఏల ఆతడు ఇట్లు కోరెను? అసంపూర్ణమైనదానిని లోకమున విడుచుటకు ఆతని మనస్సు ఒప్పుకొనలేదని సామాన్యముగ చెప్పుదురు. తుదకు అగస్టసు ఆజ్ఞచే వేరియసును, టక్కాయును ఆ కావ్యమును ప్రకటించిరి. వారు తమ మాటలేవియు చేర్చలేదు. అందుచే సుమారు 9,900 పాదములలో దాదాపు 58 పాదములు సగము సగముగ నేటికిని నిలిచియున్నవి. మిత్రుని మాట చెల్లించుట ధర్మమా, లోకమునకు కావ్యము నిచ్చుట ధర్మమా అను సంకటము వారికి కలిగినది. డైడో యెదుట ఈనియాసునకు కలిగిన సంకటమును ఇట్టిదే.

ఆతని యస్థులు నేపిల్సు సమీపమున ప్యుటియోలీ పోవు మార్గమున ఉంచబడెను. కావ్యము మాత్రము ఆతనితో సమాధి కాలేదు. కొలదికాలముననే అది రోమను బడులలో పాఠ్యగ్రంథ మయ్యెను. క్రీ. శ. 79లో బూడిదలో కప్పబడిన పాంపే నగరపు గోడలపై జనులు గీసిన అక్షరములలో ఈనియడ్ పాదములు కనబడినవి. బ్రిటనున విండొలాండా యను రోమను కోటలో దొరకిన చెక్కపలకపైనను ఒక పాదము గలదు. ఎవడో విద్యార్థి చేవ్రాలు దిద్దుకొనినట్లున్నది. 14వ శతాబ్దిలో ఇటలీ కవి డాంటే తన దివ్యకావ్యమున నరకమునందును, శుద్ధిలోకమునందును తనకు దారి చూపు గురువుగ వర్జిలును నిలిపెను. క్రీస్తును ఎఱుగనివా డగుటచే ఆ గురువు స్వర్గద్వారమున వెనుదిరుగును. పరులకు వెలుగు చూపి, తాను ఆ వెలుగున ప్రవేశింపలేకపోయిన ఆ చిత్రము ఈనియాసు కథకు సరిపోవుచున్నది.

ప్రియ విద్యార్థులారా, కీర్తికొఱకు ప్రాణములిచ్చు వీరులను గూర్చి మనము చిన్ననాటనే విందుము. వర్జిలు చూపిన వీరుడు వేఱు. ఆతడు భయపడును, ఏడ్చును, అలసిపోవును, తప్పును చేయును. అయినను ముసలివారిని, పసివారిని విడిచిపెట్టి తానొక్కడు తప్పించుకొనడు. మన యిండ్లలోను ఇట్టివారు గలరు. తమ కోరికలను చంపుకొని బిడ్డలను బడికి పంపు తల్లిదండ్రులు తాము చూడబోని దినములకొఱకే శ్రమించుచున్నారు. వారి భుజములపై మనము కూర్చుండియున్నాము. మన భుజములు బలపడిన దినమున ఎవరిని ఎత్తుకొనవలెనో, ఆ బరువు మోయుటలో ఎవరి కన్నీటికి మనము కారణమగుచున్నామో, ఈ రెంటిని మఱవకుండుటయే ఆ మహాకవి చరిత్రమువలన మనము నేర్వవలసిన పాఠమని మేము విశ్వసించుచున్నాము.